పసుపు రాసిన రాయి

ఈమధ్య ఇద్దరు కుర్రాళ్ళు మా ఇంటికొచ్చారు. అనకాపల్లి మీద చిన్న పుస్తకం వేస్తున్నారట. ఊరి చరిత్ర, సంస్కృతి, చూడదగ్గ స్థలాలు అన్నీ కలిపి నాలుగు పేజీలు రాసివ్వమన్నారు. "మీరు పాత టీచరు కదమ్మా, మీకంటే బాగా ఎవరు రాత్తారు" అని ఒకడు నన్ను మునగచెట్టు ఎక్కించాడు. నేనూ ఎక్కాను. బెల్లం మార్కెట్టు గురించి ఒక పేజీ, నూకాలమ్మ జాతర గురించి ఒక పేజీ, శారదా నది గురించి అరపేజీ ఒక్క పూటలో రాసి పడేశాను. బొజ్జన్న కొండ దగ్గరికి వచ్చేసరికి కలం కదల్లేదు.

ఆ కొండ గురించి తెలియక కాదు. అక్కడికొచ్చే యాత్రికులకి మా ఆయన ముప్పై ఏళ్ళు చెప్పిన ఉపన్యాసం నేను రాసిచ్చిందే. అదే కొండ మీద నేను చేసిన పని ఒకటుంది. అది ఏ పుస్తకంలోనూ లేదు. కుర్రాళ్ళకి కావలసింది ఎలాగో రాసి ఇచ్చి పంపేశాను. ఇది వేరే కాగితాల మీద రాస్తున్నాను.

అరవైల్లో అనకాపల్లి ఎదిగే పిల్లలా ఉండేది. కుట్టించిన చొక్కా ఏడాది తిరక్కుండా బిగుతైపోయేది. మెయిన్ రోడ్డుకి కరెంటు దీపాలొచ్చాయి. సినిమా హాళ్ళ ముందు సైకిళ్ళకి చోటు చాలేది కాదు. చలికాలం వచ్చిందంటే మునగపాక వైపు నుంచీ చీడికాడ వైపు నుంచీ బెల్లం బళ్ళు బారులు తీరేవి. ఊరంతా తీపి వాసన, ఊరంతా ఈగలు. మా నాన్న ఒక బెల్లం కొట్టులో గుమస్తా. నన్ను ఎనిమిదో తరగతి దాకా చదివించి, తన అక్క కొడుక్కే ఇచ్చి చేశారు. అత్తవారి ఊరు బొజ్జన్న కొండ కిందే. టౌను నుంచి జట్కాలో అరగంట. ఆ అరగంటలోనే కరెంటు దీపాలు అయిపోయి కిరసనాయిలు బుడ్లు మొదలయ్యేవి.

పెళ్ళికి ముందు బావా అని పిలిచినవాణ్ణి పెళ్ళయ్యాకా బావా అనే పిలిచాను. ఐదో తరగతితో చదువు ఆపాడు. రెండెకరాల చెరుకుంది. పెళ్ళయిన కొన్నాళ్ళకే ఆయనకి కొండ మీద విగ్రహాలకి కాపలా ఉండే ఉద్యోగం వచ్చింది. ఖాకీ కోటు, మెడలో విజిలు, చేతిలో కర్ర. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు తెల్లారకముందే కొండెక్కేవాడు. గబ్బిలాలకి కూడా విజిలు ఊదేవాడని మా అత్త ఎగతాళి చేసేది.

ఎవరో ఆఫీసరు ఆయన చేతికి ఇంగ్లీషులో అచ్చేసిన కాగితం ఒకటి ఇచ్చి వెళ్ళాడు. నాకొచ్చిన ఇంగ్లీషు అంతంతమాత్రం. అయినా డిక్షనరీ ఒళ్ళో పెట్టుకుని వారం రోజులు కుస్తీపట్టి దాన్ని తెలుగు చేశాను. వేల ఏళ్ళ నాడు ఇక్కడ భిక్షువులు ఉండేవారు. వానాకాలమంతా ఈ గుహల్లోనే ధ్యానం చేసుకునేవారు. పక్క మెట్ట మీద వరసగా ఉన్నవి లింగాలు కావు, రాతిలో తొలిచిన స్తూపాలు. ఈ పెద్ద విగ్రహం బుద్ధుడిది. ఆయన ఒకరిని కొట్టమనలేదు, చంపమనలేదు. ఈ చివరి వాక్యం ఇంగ్లీషు కాగితంలో లేదు. అది నేను కలిపాను. బావ చెరుకు ఆకు కోస్తూ దాన్ని బట్టీ పట్టాడు. ధ్యానం అనడం మాత్రం రాలేదు. ఎన్నిసార్లు దిద్దినా "జానం" అనేవాడు. "నీ బుద్దుడికి నా మాట తెలుత్తాదిలే" అని నవ్వేవాడు.

ఊళ్ళో మాత్రం ఎవరికీ ఆయన బుద్ధుడు కాడు. రాకాసి. పశువుల్నీ పసిపిల్లల్నీ బొజ్జ నిండా మింగి, అరగక అక్కడే కూలబడి రాయైపోయిన రాకాసి. ఏడాదికొకసారి రాళ్ళతో కొట్టకపోతే మళ్ళీ ఆకలేసి లేస్తుంది. అందుకని కనుమ నాడు చుట్టుపక్కల జనమంతా కొండకి చేరి, విగ్రహాన్ని రాళ్ళతో కొట్టి, తీర్థంలో గాజులూ జీళ్ళూ కొనుక్కుని ఇళ్ళకి పోయేవారు. విగ్రహం ముక్కు ఎప్పుడో పోయింది. పెదవుల దగ్గర గుంటలు. మోకాలు సగం లేదు.

అందులో మా ఊరికి ఒక ప్రత్యేకమైన పద్ధతి ఉండేది. మొదటి రాయి కడుపుతో ఉన్న ఆడదానిది. ఆ రాయికి పది రోజుల ముందునుంచీ పసుపు రాయాలి. కనుమ నాడు ఆమె విగ్రహానికి ఎదురుగా ఉన్న పలకబండ ఎక్కి, కొంగు మొహం మీదికి దించుకుని, కళ్ళు మూసుకుని నిలబడాలి. కడుపుతో ఉన్నది రాకాసి కళ్ళలోకి చూస్తే ఆ కడుపు నిలవదట. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు కూడా మొహాలు పక్కకి తిప్పుకోవాలి. డప్పు మోగీ మోగీ ఒక్కసారి ఆగిపోతుంది. ఆగడమే గుర్తు. అప్పుడామె విసరాలి. ఆ తర్వాత ఊరంతా విసురుతుంది.

పెళ్ళయిన రెండో ఏడు కనుమకి నేను ఐదో నెల. అత్త రాయి తెస్తే నవ్వాను. "బుద్ధుణ్ణి రాళ్ళతో కొట్టడానికి నాకేం పొయ్యేకాలం అత్తా" అన్నాను. అందరూ కొండకి వెళ్తే నేను ఇంట్లో కూర్చుని మినప గారెలు తిన్నాను. కనుమ నాడు మినుము తినాలి కదా, ఆ ఒక్క శాస్త్రం మాత్రం పాటించాను. వేసవిలో మగపిల్లాడు పుట్టాడు. పదకొండో రోజున పాలు తాగుతూ తాగుతూ ఆపేశాడు. బావ వాణ్ణి తన తువ్వాల్లో చుట్టుకుని శారదా నది ఒడ్డుకి ఒక్కడే వెళ్ళాడు.

నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. అంటే పోట్లాడి ఉండేదాన్ని. నూతి దగ్గరికి వెళ్తే ఆడవాళ్ళు నా బిందె ముందు నిండనిచ్చేవారు. ఆ జాలి చూస్తే ఒళ్ళు మండేది. రాత్రి పడుకుంటే అదే ఆలోచన: రాయి వేసి ఉంటే? చదవేస్తే ఉన్నమతి పోయిందన్నట్టు, చదువుకుని నా బిడ్డని నేనే పోగొట్టుకున్నానా? కాదని నాకు తెలుసు. తెలిసినా ఆ ఆలోచన పోలేదు.

రెండేళ్ళకి మళ్ళీ నెల తప్పాను. ధనుర్మాసానికి నెలగంట పెట్టేసరికి ఐదు నిండాయి.

ఆ ఏడు చలితోపాటు ఊళ్ళోకి గాలికుంటు వచ్చింది. ఎడ్లు కాళ్ళు కింద పెట్టలేక నిలబడి వణికేవి. నోటి వెంట నురుగు. మొదట మూల ఇంటి జోడెడ్లలో ఒకటి పోయింది, తర్వాత చూలు ఆవు. చెరుకు నరికి ఉంది కానీ తోలడానికి బళ్ళు కదల్లేదు. రచ్చబండ దగ్గర ఊరి పెద్ద, నెత్తికి ముసుగేసుకుని కూర్చున్న ముసలాయన, ఒకటే మాట అనేవాడు.

"పోయిన కనుమకి వాన కొట్టింది. నాలుగు రాళ్ళు ఏసి ఎల్లిపోనాం. దాని ఆకలి తీరునేదు. ఈ ఏడు రాళ్ళు సాలినన్ని పడాల."

నెలగంట దాటిన దగ్గర్నుంచి గుమ్మాల పక్కన రాళ్ళ కుప్పలు మొదలయ్యాయి. ముగ్గులు వేసే ఆడవాళ్ళు ముగ్గు పక్కనే నాలుగు రాళ్ళు పేర్చేవారు. గొబ్బెమ్మ పక్కన రాయి, తులసికోట పక్కన రాయి. పొద్దున్నే వీధిలోకి వస్తే నిన్నటికంటే కుప్పలు ఎత్తయి కనిపించేవి. మా గుమ్మం పక్కన మాత్రం లేవు. అదీ అందరూ చూసేవారు.

పండగ ఇంకా పది రోజులుందనగా బావకి ఆఫీసు నుంచి ఇంగ్లీషు కాగితం వచ్చింది. చదివి చెప్పింది నేనే. పండగ వెళ్ళాక పెద్ద ఆఫీసరు వచ్చి కొండ ఫొటోలు తీస్తాడు. చూడదగ్గ స్థలాల పుస్తకంలో వేస్తారు. విగ్రహం మీద కొత్త దెబ్బ ఒక్కటి కనిపించినా కావలివాడి ఉద్యోగం ఉండదు. బావ ఆ కాగితాన్ని నా చేతిలోంచి తీసుకుని, ఇంగ్లీషు చదవడం రాకపోయినా చాలాసేపు చూశాడు.

"ఊరికి నాను సెప్పుకుంటాను," అన్నాడు. "కాళ్ళు పట్టుకుంటాను. నా ఇంటి రాయి మటుకు పడకూడదు. నా ఇంట్లోంచే రాయి ఎల్తే నానెవుడికి ఏటని సెప్పను?"

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను ఆయన చేతిలో చెయ్యి వేశాను. "నేను వెయ్యను బావా," అన్నాను. ఆ మాట అన్నప్పుడు నిజంగానే అన్నాను.

మా అత్త గుమ్మంలోంచి విన్నది. నాకు మేనత్త, చిన్నప్పుడు నన్ను చంకనేసుకుని తిప్పిన మనిషి. కేకలేస్తుందనుకున్నాను. వెయ్యలేదు. మర్నాడు పొద్దున్న పొయ్యి వెలిగించబోతే పొయ్యి వెనక గూట్లో ఒక రాయి ఉంది. కోడిగుడ్డు కంటే కాస్త పెద్దది, ఒక పక్క కోసుగా ఉంది. దానికి తడి పసుపు.

తీసి పెరట్లో పారేశాను. మర్నాడు మళ్ళీ గూట్లో ఉంది, మళ్ళీ తడిగా. ఈసారి చెత్తకుప్పలో వేశాను. మూడో రోజూ వచ్చింది. అత్త నాతో దాని సంగతి ఎత్తదు, నేను అడగను. ఇద్దరం ఒకే పొయ్యి మీద వండుకుని, ఒకే చాప మీద కూర్చుని తిన్నాం. నాలుగో రోజు దాన్ని తీయలేదు. ఆ రోజే మూల ఇంట్లో రెండో ఎద్దు పోయింది. ఐదో రోజు లోపల బిడ్డ పొద్దుటి నుంచి కదల్లేదు. మధ్యాహ్నం దాకా కడుపు మీద చెయ్యేసుకుని కూర్చున్నాను. మధ్యాహ్నం తిరిగాక కదిలింది. ఏడ్చాను. ఆరో రోజు పొద్దున్న గూట్లో రాయి పొడిగా ఉంది. అత్త ఆ రోజు కావాలనే రాయలేదో, మరిచిపోయిందో తెలియదు. నేను పసుపు డబ్బా తీసి, నీళ్ళు చిలకరించి, నా చేత్తో రాశాను.

అక్కడే అంతా అయిపోయింది. తర్వాత జరిగింది దాని వెనక నడిచి వచ్చింది, అంతే.

భోగి ముందు రోజు టౌను నుంచి జట్కా సాయిబు వచ్చాడు. స్టేషనులో దిగిన యాత్రికుల్ని కొండకి తీసుకొచ్చేది ఆయనే. బావ ఉపన్యాసం ఆయనకీ నోటికొచ్చు. గుర్రానికి నీళ్ళు పెట్టి వీధిలోకీ గుమ్మాల్లోకీ చూసి, గొంతు తగ్గించి అన్నాడు.

"బేటీ, నాను ముప్పై ఏళ్ళ నుంచి ఈ దారిన తిరుగుతున్నాను. ఇన్ని రాళ్ళు ఎప్పుడూ సూళ్ళేదు. ఎక్కు. మీ నాన్న ఇంట్లో దింపేత్తాను. పండగెల్లాక వద్దువు గానీ."

వెళ్ళి ఉండవచ్చు. నాకు అరగంట దూరంలో కరెంటు దీపాలున్నాయి, అమ్మ ఉంది. "పండగ పూట ఇల్లు వదిలి ఎలా వస్తాను సాయిబుగారూ" అన్నాను. ఆయన తల ఊపాడు.

"కనుమ నాడు కాకైనా కదలదంటారు మీరు. నా గుర్రం కాకి కాదు గదా. కొండ కిందే ఉంటాను. అవసరమైతే కబురెట్టు."

కనుమ నాడు పొద్దున్నే బావ కోటు వేసుకున్నాడు. నేను ఉతికి ఆరేసిన కోటే. పశువుల కొమ్ములకి రంగులు వేసినవాళ్ళు ఆ ఏడు తక్కువ. బావ గుమ్మం దిగబోతూ ఆగి, నా తల మీద చెయ్యి పెట్టి, "ఇంట్లోనే ఉండు" అన్నాడు. తల ఊపాను. ఆయన వీధి మలుపు తిరిగాక అత్త టీ గ్లాసు కింద పెట్టి నా వంక చూసింది.

"నానేటీ అన్ను," అంది. "ఆడూ నా కొడుకే. నీ ఇట్టం."

నేనే లేచాను. బావ నూకాలమ్మ జాతరలో కొన్న ఎర్రంచు ఆకుపచ్చ చీర కట్టుకున్నాను. పండగ కదా. గూట్లోంచి రాయి తీసి కొంగులో ముడివేసుకున్నాను. ఒక్క రాయి, మెల్లిగా వేస్తాను, విగ్రహానికి తగలకుండా పక్కన పడేలా వేస్తాను, శాస్త్రం తీరుతుంది, ఉద్యోగమూ ఉంటుంది. దారి పొడుగునా ఇలా లెక్కలు కట్టుకున్నాను. ఎనిమిదో తరగతి లెక్కలు.

కొండ కింద తీర్థం మామూలుగానే ఉంది. గాజులు, జీళ్ళు, చెరుకు గడలు, బుడగలు. కానీ పిల్లలు బూరాలు ఊదడం లేదు. మగవాళ్ళ పంచెల మడతలు రాళ్ళతో వేలాడుతున్నాయి. డప్పు అప్పటికే మోగుతోంది. మెట్ల దగ్గర బావ గొంతు వినిపించింది, బతిమాలుతున్నాడు. ఉపన్యాసంలో మాటలే. ఆయన ఎవరినీ కొట్టమనలేదు మావా, చంపమనలేదు మావా. ఊరి పెద్ద గొంతు దాని మీంచి వచ్చింది.

"నీ కోటు నీకు, మా రాళ్ళు మాకు. తప్పుకోరా అల్లుడా. నా గొడ్లు సచ్చిపోతన్నాయి."

ఎవరో నెట్టారు. కర్ర మెట్ల మీద దొర్లిన చప్పుడైంది. ఆడవాళ్ళు నాకు దారిచ్చారు. ఎవరూ ఆశ్చర్యపోలేదు. అత్త నన్ను పలకబండ ఎక్కించి, నా కొంగు మొహం మీదికి లాగి, భుజాలు పట్టుకుని తిప్పి నిలబెట్టింది. "కళ్ళు ముయ్యి. డప్పు ఆగగానే ఎయ్యి," అని తనూ మొహం తిప్పుకుంది. కళ్ళు మూసుకున్నాను. చేతిలో రాయి చల్లగా, పసుపుతో జారుడుగా ఉంది.

డప్పు ఎంతసేపు మోగిందో తెలియదు. నా కడుపులో మోగినట్టే ఉంది. బిడ్డ తన్నింది. మెల్లిగా వేద్దామనుకున్న సంగతి అప్పుడు పోయింది. నా పిల్లాణ్ణి తిన్నావు, ఇది నీకు ఇవ్వను అనుకున్నాను. అవును, రాతినే అన్నాను. నేనే రాసిన ఉపన్యాసంలో బుద్ధుడు అని రాసిన ఆ రాతినే అన్నాను.

డప్పు ఆగింది. బలమంతా పెట్టి విసిరాను.

రాయికి రాయి తగిలితే టప్పుమంటుంది. ఆ చప్పుడు కోసం చూశాను. అది రాలేదు. జనం వెయ్యాల్సిన రాళ్ళ చప్పుడూ రాలేదు. ఎవరో మగమనిషి "అయ్యో" అన్నాడు. అత్త చేతులు నా భుజాల మీద బిగుసుకున్నాయి. కొంగు తీసి చూశాను.

డప్పు నాకోసం ఆగలేదు. బావ మెట్లెక్కి పరిగెత్తి, విగ్రహం ముందు రెండు చేతులూ చాపి నిలబడ్డాడట. అది చూసి డప్పుల వాళ్ళ చేతులు ఆగిపోయాయి. ఎత్తిన రాళ్ళు ఎత్తినట్టే ఉండిపోయాయి. ఎంత రాకాసి భయమున్నా సొంత ఊరివాణ్ణి ఎవరు కొడతారు? కళ్ళు మూసుకుని, గుర్తు కోసం చెవులొగ్గి ఉన్న మనిషి ఊరు మొత్తానికి నేనొక్కదాన్నే. బావ మోకాళ్ళ మీద కూలబడి ఎడం కన్ను రెండు చేతుల్తో మూసుకుని ఉన్నాడు. వేళ్ళ మధ్య నుంచి రక్తం ఖాకీ కోటు మీదికి కారుతోంది.

జనం చెదిరిపోయారు. రాళ్ళు ఎక్కడివక్కడ జారవిడిచి పోయారు. అత్త కొడుకు దగ్గరికి పాకుతూ వెళ్ళింది. జట్కా సాయిబు ఎప్పుడొచ్చాడో, కంటికి తువ్వాలుతో కట్టు కట్టి, బావని భుజాన వేసుకుని దించాడు. దారంతా గుర్రాన్ని ఉర్దూలో తిట్టాడు, అంతకు ముందు దాన్ని ఎప్పుడూ తిట్టలేదు. రోడ్డు మీద మా జట్కా తప్ప ఏమీ లేదు. నిజంగానే కాకి కదల్లేదు.

టౌన్లో పండగ పూట ఒక్క డాక్టరు దొరికాడు. వయసు మళ్ళిన మనిషి. కట్టు విప్పి, కరెంటు దీపం దగ్గరికి జరిపి చూసి, మండిపడ్డాడు.

"ఈ పసుపేమిటి? గాయంలో పసుపు ఎవరు రాశారు? కంటికి పసుపు పూస్తారా ఎక్కడైనా? మీ ఊళ్ళకి ఎన్నిసార్లు చెప్పాలి?"

నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. సాయిబు నా వంక చూశాడు. ఆయన కొండ కిందే ఉన్నాడు, ఆయనకి అంతా తెలుసు. బావ ఒక్క కన్ను తెరిచాడు. నా వైపు తిప్పలేదు, డాక్టరు వైపే చూస్తూ అన్నాడు.

"మా ఆడమనిసేనండి. తెలీక రాసేసింది. దాన్ని ఏటీ అనకండి బాబూ. ఒట్టి మనిసి కాదు."

డాక్టరు గొణుక్కుంటూ దూది తడిపి ఆ పసుపంతా కడిగాడు. గిన్నెలో నీళ్ళు పసుపూ ఎరుపూ కలిసిన రంగులో ఉన్నాయి. తెలీక అన్నాడు బావ. తెలియని దాన్నయితే ఇన్నేళ్ళు ఇంత బాధ ఉండేది కాదు.

కన్ను పోయింది. చైత్రంలో, నూకాలమ్మ జాతర రోజుల్లో, ఆడపిల్ల పుట్టింది. పదకొండో రోజు దాటింది. నెల దాటింది. బతికింది, ఇప్పుడు దానికీ మనవలున్నారు. ఆఫీసరొచ్చి ఫొటోలు తీసుకున్నాడు. విగ్రహం మీద కొత్త దెబ్బ ఒక్కటీ లేదని బావ భుజం తట్టి వెళ్ళాడు. ఉద్యోగం ఉంది. గాలికుంటు దానంతటది పోయింది. మా అత్త బిడ్డకి నూనె రాస్తూ ఒక రోజు అంది, "ఆడి కన్ను పుచ్చుకుని దీన్ని ఒదిలీసింది." అది అబద్ధమని చెప్పడానికి నోరు తెరిచాను. చెప్పకుండానే బిడ్డని ఎత్తుకున్నాను. తర్వాత ట్రైనింగు అయి, టీచరునై, వందల మంది పిల్లలకి బుద్ధుడి పాఠం చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఆ మాట గుర్తొచ్చేది.

బావ ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. యాత్రికులు కన్ను గురించి అడిగితే "రాతి పెచ్చు తగిలిందండి" అని ఉపన్యాసంలో పడిపోయేవాడు. నన్ను తప్పుకోమనలేదు, తిట్టలేదు. పాత పద్ధతిలోనే "ఏటే, అన్నమెట్టు" అనేవాడు. తనకి తగలబోయేదాకా రాయి కనిపించలేదేమో, ఎవరిదో తర్వాత పసుపు చూసి గుర్తుపట్టి ఉంటాడు అనుకున్నాను. ఏడాదిపాటు అలా అనుకునే బతికాను.

మరుసటేడు కనుమ వచ్చింది. ఈసారి అడక్కుండానే బావతో కొండెక్కాను. బిడ్డని చంకనేసుకుని విగ్రహం ముందు ఆయన పక్కన నిలబడ్డాను. మా అత్త కింద మెట్టు మీద కూర్చుంది. రాళ్ళతో జనం వచ్చారు, పోయినేటికంటే తక్కువ. డప్పు మోగింది. ఎదురుగా పలకబండ మీద ఇంకో ఇంటి కోడలు, పాపం చిన్నపిల్ల, మొహం మీద కొంగుతో వచ్చి నిలబడింది.

అంతకుముందెప్పుడూ నేను ఆ వైపు నుంచి చూడలేదు. బండకీ విగ్రహానికీ మధ్య అడ్డం ఏమీ లేదు. మొహం కనిపించకపోయినా చీర అంచు రంగు తెలుస్తోంది. చేతి గాజులు తెలుస్తున్నాయి. గుప్పిట్లో పసుపు తెలుస్తోంది. డప్పు ఆగింది. ఆ పిల్ల చెయ్యి పైకి లేవడం మొదలైంది. చెయ్యి లేచి, వెనక్కి వెళ్ళి, ముందుకి రావడానికి చాలా సేపు పడుతుంది. ఒక మనిషి పక్కకి జరగడానికి సరిపోయేంత సేపు.

చెయ్యి ఇంకా వెనక్కి వెళ్తూ ఉండగానే బావ విజిలు ఊదాడు. ఒక్కసారి, గట్టిగా. ఆ పిల్ల ఉలిక్కిపడి కొంగు తీసి, మమ్మల్ని చూసి, రాయి జారవిడిచి ఏడ్చింది.

నేను బావ వంక చూశాను. ఆయన ఉన్న ఒక్క కంటితో జనాన్నే చూస్తున్నాడు, నన్ను చూడలేదు. మొదటి బిడ్డని తువ్వాల్లో చుట్టుకుని నదికి తీసుకెళ్ళింది ఆయనే. రెండో బిడ్డ కోసం ఆకుపచ్చ చీరలో రాయి ఎత్తిన నన్ను పోయినేడు ఇక్కడినుంచే చూశాడు. అప్పుడూ విజిలు ఆయన మెడలోనే ఉంది.